ఇంటి నంబర్ ఎవరి కోసం పెడతారు?

(కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన మీటింగ్ రికార్డింగ్ విని టైప్ చేసింది. మాట్లాడినాయన మున్సిపల్ రెవెన్యూ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. మధ్యలో మైక్ పోయిన చోట మాటలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనక వాళ్లకి వినపడుతోందా? సరే. ప్రెసిడెంట్ గారు మొన్న ఫోన్ చేసి సార్, మన మున్సిపాలిటీని జీహెచ్ఎంసీలో కలిపేశారు కదా, ఇంటి నంబర్లు మారతాయంటున్నారు, గల్లీలకి పేర్లు పెడతారంటున్నారు, జనం రోజూ నన్నే అడుగుతున్నారు, మీరు ఆ పనిలోనే చేశారు కాబట్టి వచ్చి చెప్పండి అన్నారు. నేను ఆఫీసు తరఫున రాలేదండి, రిటైరైపోయినవాణ్ణి, కాబట్టి ఎప్పుడు మారుస్తారు అని నన్ను తేదీ అడక్కండి. నంబర్ ఎలా పుడుతుంది, మారేటప్పుడు మనం దేనికి పట్టుబట్టాలి, అంతవరకే చెప్తాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మన గోడ మీద ఉన్న నంబర్ మన కోసం పెట్టింది కాదు, మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చుట్టం కోసం పెట్టింది అంతకన్నా కాదు. అది ఇంటి పన్ను రిజిస్టర్ కోసం పెట్టింది. ఆ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతా గందరగోళమంతా ఎందుకొచ్చిందో మీకే తెలిసిపోతుంది.

నేను ఉద్యోగంలో చేరింది బిల్ కలెక్టర్‌గా. చేతికి డిమాండ్ రిజిస్టర్ ఇచ్చేవాళ్లు, అందులో వరుసగా ఇంటి నంబర్, యజమాని పేరు, ఎంత పన్ను, ఎంత బకాయి. సిటీలో పాత పద్ధతి ఏంటంటే మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. హిమాయత్‌నగర్ వైపు 3-6 తో మొదలవుతాయి, సోమాజిగూడ ఖైరతాబాద్ వైపు 6-3 తో మొదలవుతాయి, అంటే ఆరో వార్డు మూడో బ్లాకు అన్నమాట. వినడానికి చాలా పద్ధతిగా ఉంది కదా? కానీ చూడండి, ఇందులో వీధి ఎక్కడుంది? లేదు. వార్డు ఉంది, బ్లాకు ఉంది, ఇల్లు ఉంది, మధ్యలో రోడ్డే లేదు. బ్లాకు అంటే బిల్ కలెక్టర్ నడుచుకుంటూ తిరిగొచ్చే ముక్క, ఆయన ఏ గల్లీలోంచి ఎటు తిరిగితే నంబర్లు అటు తిరిగేవి. ఆయన రూటు ఆయనకి తెలుసు, కొత్తగా వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది?

సరే, మొదట ఇచ్చినప్పుడైనా వరుసలో ఉండేవి. తర్వాత ఏమవుతుంది, 45కి 46కి మధ్య ఖాళీ జాగా ఉంటుంది, అక్కడ ఎవరో ఇల్లు కట్టుకుంటారు, నంబర్ కావాలంటారు, వరుసలో నంబర్ లేదు కాబట్టి 45 బై 1 ఇస్తారు. ఆ పక్కన ఇంకోటి కడితే 45 బై 1 బై ఏ. అన్నదమ్ములు పంచుకుంటే ఇంకో బై. జూబ్లీహిల్స్ అడ్రస్సులు చూశారా ఎప్పుడైనా, చాలా ఇళ్లకి 8-2-293/82 అని మొదలై ఆ తర్వాత ఇంకో బై ఏ, ఇంకో బై, ఇంకో నంబర్ ఉంటుంది. కోట్ల రూపాయల ఇళ్లు, అందరిదీ మొదలు ఒకటే నంబర్. అక్కడ ఎవరూ ఆ నంబర్ చెప్పరు, రోడ్ నంబర్ 36, ఫలానా షోరూం పక్కన అని చెప్తారు. అంత పెద్ద మనుషులకి కూడా నంబర్ పనికిరాలేదంటే ఇంక మన సంగతి చెప్పాలా. (నవ్వులు)

ఇంక మన దగ్గరికి వద్దాం. ఇది పంచాయతీగా ఉన్నప్పుడు ఎవరైనా ఇల్లు కడితే కారోబార్, అంటే పంచాయతీ గుమాస్తా, వచ్చి కొలుచుకుని పోయేవాడు, సెక్రటరీ రిజిస్టర్‌లో ఎక్కించి నంబర్ ఇచ్చేవాడు. ఆ నంబర్ ఎలా ఇచ్చేవాళ్లంటే కట్టిన వరుసలో. లేఅవుట్ మొత్తం ఖాళీగా ఉన్న రోజుల్లో గేటు దగ్గర ఒకాయన కట్టాడు, ఆయనది మొదటి నంబర్, తర్వాత ఆ చివర నాలా పక్కన ఒకామె కట్టింది, ఆమెది రెండో నంబర్. రేషన్ షాపులో టోకెన్ లాంటిదండి అది, ముందొచ్చినవాడికి ముందు నంబర్, వాడు ఎక్కడ నిలబడ్డాడన్నది దాంతో సంబంధం లేదు. అందుకే ఇప్పుడు చూడండి, ఒకే గల్లీలో వరుసగా 214, 37, 512 ఉంటాయి. మనవాళ్లు అది గమనించి నంబర్ మానేసి ప్లాట్ నంబర్ చెప్పుకోవడం మొదలుపెట్టారు, కనీసం లేఅవుట్ కాపీలో ప్లాట్లు వరుసలో ఉంటాయి కాబట్టి. అది కూడా పక్క వెంచర్ వచ్చేదాకే, ఆ వెంచర్‌లో కూడా ప్లాట్ నంబర్ 1 నుంచే మొదలైంది.

ఇది ఒక్క మన కాలనీ కథ కాదు. 2007లో ఎంసీహెచ్, అంటే పాత హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్, దాని చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీ చేశారు. కుకట్‌పల్లి, ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, శేరిలింగంపల్లి ఇవన్నీ అప్పుడు కలిసినవే. కాగితం మీద ఊరు ఒకటైంది గానీ నంబర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ప్రతి పాత మున్సిపాలిటీకి ఒకటో వార్డు ఉండేది కదా, అందుకని ఒకే నంబర్ సిటీలో ఈ మూలా ఆ మూలా దొరుకుతుంది. పైగా కేపీహెచ్‌బీ లాంటి చోట హౌసింగ్ బోర్డు వాళ్ల లెక్క వేరే, తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకి ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని, ఫేజ్ చెప్పకుండా ఎంఐజీ ఇంత అంటే ఆటోవాడు మొహం చూస్తాడు. ఇప్పుడు 2025 డిసెంబర్లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలా చుట్టుపక్కలా ఉన్న ఇంకో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు తెచ్చి కలిపారు. అంటే ఇంకో 27 ఒకటో వార్డులు వచ్చాయన్నమాట. ఇవాళ కాకపోతే రేపు వీటిని సరిచెయ్యక తప్పదు. అందుకే నంబర్లు మారతాయి అన్న మాట గాలి మాట కాదని నేను అంటున్నాను.

మరి ఇన్నాళ్లు ఎలా నడిచింది అంటారా, పోస్ట్‌మ్యాన్ వల్ల నడిచింది. ఆయనకి నంబర్ అక్కర్లేదు, పేరు చూస్తే ఇల్లు తెలుసు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది, అది పోస్టాఫీసు దాకా తీసుకొస్తుంది, అక్కణ్ణించి గుమ్మం దాకా పోస్ట్‌మ్యాన్ బుర్రే మ్యాపు. ఇప్పుడొచ్చే వాళ్లు రోజుకో కొత్త పిల్లాడు, వాడికి మీ పేరు తెలీదు, బండి ఆపి ఫోన్ చేసి అన్నా లొకేషన్ ఇక్కడ చూపిస్తోంది మీరెక్కడ అంటాడు, మనం వాటర్ ట్యాంక్ తెలుసా అంటాం, వాడు ఏ వాటర్ ట్యాంక్ అంటాడు. పిజ్జా సంగతి వదిలెయ్యండి, చల్లారితే వేడి చేసుకుంటాం. అర్ధరాత్రి 108 కి ఫోన్ చేస్తే? 2005 నుంచి ఆ సర్వీసు ఉంది, బండి వస్తుంది, బండి రావడం సమస్య కాదు, మన గల్లీ మొదట్లోకి వచ్చాక లోపల ఏ ఇల్లో తెలీక ఎవరో ఒకరు రోడ్డు మీదకి పరిగెత్తి టార్చ్ లైట్ ఊపాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దాయనకి గుండె నొప్పి వస్తే టార్చ్ ఎవరు ఊపుతారు? నేను నంబర్ గురించి ఇంత మాట్లాడుతున్నది అందుకే.

ఇంక మనకి బాగా అలవాటైంది గుర్తు చెప్పడం. ఫలానా దాని ఎదురుగా, వెనకాల, పక్క సందు. గుర్తులతో చిక్కేంటంటే అవి పోతాయి, పేరు మిగులుతుంది. లిబర్టీ అంటాం, లిబర్టీ థియేటర్ ఎక్కడుందండీ ఇప్పుడు? సికింద్రాబాద్‌లో సంగీత్ అంటాం, ఆ థియేటర్ కూల్చేసి ఏళ్లయింది. లక్డీకాపూల్‌లో లక్డీ పూల్ చూసినవాళ్లు ఈ హాల్లో ఎవరూ లేరు. పాతవాళ్లకి ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చినవాడు లేని థియేటర్ కోసం తిరుగుతుంటాడు.

బయట దేశాల్లో మొదటినుంచి బాగుందా అంటే అదీ లేదు. వియన్నాలో 1770లో ఇళ్లకి నంబర్లు వేశారు, ఎందుకో తెలుసా, సైన్యంలోకి తీసుకోవడానికి ఏ ఇంట్లో మగపిల్లలున్నారో లెక్క కోసం. జనం కొన్ని చోట్ల నంబర్ చెరిపేశారు, ఎందుకు చెరపరు మరి. అంటే అక్కడ సైన్యం కోసం, ఇక్కడ పన్ను కోసం, మొత్తానికి సర్కారు అవసరానికే మొదలైంది. కానీ పారిస్‌లో 1805లో ఒక మంచి పని చేశారు. వీధికి ఒక పక్క బేసి నంబర్లు, ఇంకో పక్క సరి నంబర్లు, అది ఎక్కడ మొదలవ్వాలో కూడా నదిని బట్టి ఖాయం చేశారు, నదికి అడ్డంగా పోయే వీధుల్లో నది వైపు నుంచి లెక్క, నది వెంట పోయే వీధుల్లో నీళ్లు పారే వైపుకి లెక్క. ఎవడైనా 24 వెతుకుతూ 18 ముందు నిలబడితే ఎటు నడవాలో వాడికే తెలుస్తుంది. నంబర్ మొదటిసారి నడిచేవాడి వైపు నుంచి ఆలోచించి పెట్టినట్టు నాకు అనిపించేది అక్కడే.

దక్షిణ కొరియాది ఇంకా మనకి దగ్గర కథ. వాళ్లకీ మన సర్వే నంబర్ల లాగే భూమి ముక్కకి నంబర్ ఉండేది, జపాన్ వాళ్లు పాలించినప్పుడు చేసిన భూముల సర్వే నుంచి వచ్చింది, ముక్కలు అయిన కొద్దీ నంబర్లు కలగాపులగం. వాళ్లు రోడ్డు పేరు పెట్టి, రోడ్డు మొదలు నుంచి ప్రతి 20 మీటర్లకి ఎడమ వైపు ఒక బేసి, కుడి వైపు ఒక సరి నంబర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. 2014 జనవరి 1 నుంచి సర్కారు పనులకి అదే అడ్రస్. దాంట్లో తమాషా చూడండి, నంబర్ 57 అంటే దాన్ని పదితో గుణిస్తే దాదాపు 570 మీటర్లు, రోడ్డు మొదట్లో నిలబడి ఎంత దూరం పోవాలో చెప్పెయ్యొచ్చు. మధ్యలో ఖాళీ జాగా ఉన్నా పర్లేదు, దాని నంబర్ దానికి ముందే ఉంది, రేపు కట్టినప్పుడు వేసుకుంటాడు. బై ఇచ్చే అవసరం బాగా తగ్గిపోతుంది. అలాగని జనం వెంటనే ఒప్పుకున్నారా అంటే లేదు, పాత పేటల పేర్లు పోతాయని గొడవ చేశారు, చాలామంది ఏళ్ల తరబడి పాతవే చెప్పుకున్నారు.

అంత దూరం ఎందుకు, మన గుంటూరు చూడండి. బ్రాడీపేట, అరండల్‌పేటలో ఎవర్నైనా అడ్రస్ అడిగితే 4 బై 14 అంటారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అయిపోయింది. గుంటూరు ఎప్పుడూ చూడనివాణ్ణి తీసుకెళ్లి వదిలినా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయి ఆ మూలకి చేరతాడు. మా అక్కయ్య వాళ్లు అక్కడుండేవాళ్లు, ఇంటి నంబర్ ఏంటని నేను ఎన్నడూ అడగలేదు, అవసరం రాలేదు. ఇది యాప్ లేని రోజుల్లోది, కంప్యూటర్ లేని రోజుల్లోది. రోడ్లు గీత గీసినట్టు వేశారు, వేసినవాటికి వరుసలో లెక్క పెట్టారు, అంతే. మన కాలనీ లేఅవుట్ కూడా గళ్లుగళ్లుగానే ఉంది, మనకి అలా చేసుకునే వీలుంది, అది నేను ప్రెసిడెంట్ గారికి లేఅవుట్ కాపీ మీద గీసి చూపించాను కూడా.

(ఇక్కడ మైక్ కొంచెంసేపు పోయింది.)

...పేర్ల సంగతి. గల్లీకి పేరు పెట్టడం అనగానే మనవాళ్లకి విగ్రహం పెట్టినంత హుషారు. పెద్దవాళ్ల పేర్లు పెట్టొద్దని నేను అనను. కానీ జనం నోట్లోకి ఎక్కని పేరు బోర్డు మీదే ఉండిపోతుంది. విజయవాడలో బందరు రోడ్డుకి మహాత్మాగాంధీ రోడ్డు అని పేరు, ఏలూరు రోడ్డుకి కార్ల్‌మార్క్స్ రోడ్డు అని పేరు, మీరు పోయి ఆటో ఎక్కి కార్ల్‌మార్క్స్ రోడ్డుకి పోనివ్వు బాబూ అనండి చూద్దాం. సికింద్రాబాద్‌లో కింగ్స్‌వే తీసేసి రాష్ట్రపతి రోడ్డు అన్నారు, అది మాత్రం జనంలోకి ఎక్కింది, ఎలా ఎక్కింది, ఆర్పీ రోడ్డుగా ఎక్కింది, ఆర్పీ అంటే ఏంటో చెప్పలేని వాళ్లు కూడా ఆర్పీ రోడ్డు అంటారు. మొన్నీమధ్య అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకి ట్రంప్ పేరు ప్రతిపాదన పెట్టారు, అది పేపర్లో చదివి నేను మా ఆవిడతో అన్నాను, పెట్టినా పెట్టకపోయినా మనం కాన్సులేట్ రోడ్డనే అంటాం అని. పొట్టి పేరు, ఇప్పటికే వాడుకలో ఉన్న పేరు, పక్క గల్లీ పేరుతో కలవని పేరు, ఇవి చూసుకుంటే చాలు. మనకి టెంపుల్ రోడ్లే మూడున్నాయి, మూడు గుళ్లున్నాయి కాబట్టి.

ఇంకోటి, దీని మీద కొంతమందికి కోపం వచ్చినా సరే చెప్తాను. మనలో చాలామంది ఊళ్లనుంచి వచ్చినవాళ్లమే. ఊళ్లో వాడల పేర్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ఫలానా వాళ్ల వీధి, ఫలానా వాడ, హరిజనవాడ, ఎస్సీ కాలనీ, ఇవన్నీ పంచాయతీ రిజిస్టర్లలో ఉన్నాయి, రిజిస్టర్ నుంచి రేషన్ కార్డు మీదకి, ఆధార్ మీదకి, పిల్లల సర్టిఫికెట్ల మీదకి ఎక్కాయి. ఒక పిల్లాడు ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే, ఇల్లు అద్దెకి అడిగితే, మూడో లైను చదవగానే ఎదుటివాడికి కులం తెలిసిపోతుంది. పిల్లాడు ఏం చదివాడన్నది తర్వాత. మహారాష్ట్రలో 2020 డిసెంబర్లో బస్తీలకి, వాడలకి కులం పేర్లు తీసెయ్యాలని కేబినెట్ నిర్ణయం చేసింది, తమిళనాడు సర్కారు 2025లో వీధుల పేర్ల విషయంలో అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. మన మున్సిపాలిటీలో కలిసిన పాత ఊళ్లు నాలుగున్నాయి, అక్కడి రిజిస్టర్ని ఉన్నదున్నట్టు కాపీ కొట్టి నీలం బోర్డు మీద పెయింట్ చేస్తే ఇప్పటిదాకా కాగితం మీద ఉన్నది రోడ్డు మీదకొస్తుంది. దీని మీద మాట్లాడాల్సింది ఆ వాడలో ఉన్నవాళ్లే, వాళ్లకి ఏ పేరు కావాలో వాళ్లనే అడగాలి, మనం ఇక్కడ హాల్లో కూర్చుని వాళ్లకి పేరు పెట్టకూడదు. కొంతమంది అంబేద్కర్ నగర్ అని ఎప్పుడో మార్చుకున్నారు, దాన్ని మళ్లీ రిజిస్టర్ పేరుతో కొట్టెయ్యకుండా చూసుకోవాలి. అది కార్పొరేషన్‌కి మనం రాసే లెటర్‌లో మొదటి పేరాలోనే ఉండాలని నా మాట.

సరే, ఇప్పుడు కాగితాల సంగతి, అందరూ దీని కోసమే వచ్చారని నాకు తెలుసు. (నవ్వులు)

మీ ఇంటి మీద ఇప్పటికే ఎన్ని నంబర్లున్నాయో ఎప్పుడైనా చూశారా. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే స్టిక్కర్, 2024 నవంబర్లో కులగణన స్టిక్కర్, పోలియో చుక్కల అమ్మాయిలు చాక్‌పీస్‌తో రాసిపోయిన గీతలు, జనాభా లెక్కల వాళ్ల నంబర్ ఒకటి. ఇవేవీ మీ ఇంటి నంబర్ కాదు. ఆ లెక్కకి ఆ నంబర్, లెక్క అయిపోతే దాని పని అయిపోయింది. స్టిక్కర్ మీద నంబర్ తీసుకెళ్లి ఆధార్‌లో ఎక్కించుకున్నవాళ్లు కూడా ఉన్నారు, అందుకే చెప్తున్నా.

అసలు నంబర్ మారినప్పుడు మారకుండా ఉండేవి మీ దగ్గర కొన్నున్నాయి. ఇంటి పన్నుకి పీటీఐఎన్ నంబర్, కరెంటుకి యూఎస్‌సీ నంబర్, సిటీలో నల్లా బిల్లు వచ్చేవాళ్లకి క్యాన్ నంబర్. ఇవి మీ ఇంటి గోడ మీద ఏ నంబర్ ఉన్నా కంప్యూటర్‌లో మిమ్మల్ని పట్టుకునేవి. వీటిని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. కొత్త నంబర్ ఇచ్చేటప్పుడు పాత నంబర్, కొత్త నంబర్, పీటీఐఎన్ ఈ మూడూ ఒకే కాగితం మీద సంతకం స్టాంపుతో ఇవ్వమని అడగాలి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకండి. ఆ కాగితం లేకపోతే రేపు బ్యాంకు వాడు మీ సేల్ డీడ్‌లో ఒక నంబర్, ట్యాక్స్ రసీదులో ఇంకో నంబర్ ఉంది, ఇది అదే ఇల్లని ఏంటి రుజువు అంటాడు. చెన్నైలో మన చుట్టాలున్నవాళ్లు చూసే ఉంటారు, అడ్రస్‌లో ఓల్డ్ నంబర్ 12, న్యూ నంబర్ 27 అని రెండూ రాసుకుంటారు, అక్కడ నంబర్లు మార్చి చాలా కాలమైనా ఇంకా రెండూ రాస్తున్నారు. చూడ్డానికి చిరాగ్గా ఉంటుంది గానీ పని జరుగుతుంది. మనం కూడా కొన్నేళ్లు గేటు మీద రెండూ ఉంచుకోవాలి, పైన కొత్తది పెద్దగా, కింద పాతది చిన్నగా.

ఓటర్ లిస్టు విషయం జాగ్రత్తగా వినండి. ఇంటి నంబర్ సరిగా లేకపోతే ఒకే నంబర్ కింద ఊరంతా ఓటర్లు కనపడతారు, పేపర్లో వార్త వస్తుంది. 2025 ఆగస్టులో దీని మీద దేశమంతా గోల జరిగింది, నంబర్ లేని ఇళ్లకి, ఇల్లే లేనివాళ్లకి లిస్టులో సున్నా నంబర్ వేస్తామని ఎలక్షన్ కమిషన్ వాళ్లే చెప్పారు. మన పేరు ఎదురుగా సున్నా ఉండకూడదంటే నంబర్ వచ్చాక ఓటర్ వివరాలు సరిచేసుకునే ఫారం 8 పెట్టుకోవాలి. ఎవరో వచ్చి చేస్తారని కూర్చోవద్దు.

ఇంకో భ్రమ ఉంది, నంబర్ వచ్చింది కాబట్టి ఇల్లు పక్కా అయిపోయింది అని. కాదండీ. పర్మిషన్ లేకుండా కట్టిన ఇంటికి కూడా పన్ను వేస్తారు, నంబర్ ఇస్తారు, పన్ను వేసినంత మాత్రాన అది రెగ్యులర్ అయినట్టు కాదు, జాగా మీద హక్కు వచ్చినట్టు అసలే కాదు. ఇంటి నంబర్ చూపించి ఇల్లు అమ్మేవాళ్లున్నారు, నంబర్ ఉంది కదా అని కొనేవాళ్లూ ఉన్నారు. లింక్ డాక్యుమెంట్లు చూడాలి, లేఅవుట్ పర్మిషన్ చూడాలి, నంబర్ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి.

చివరగా ఫోన్‌లో వచ్చే కొత్త పద్ధతుల గురించి ఒకాయన చీటీ పంపారు. డిజిపిన్ అని 2025 మేలో పోస్టల్ డిపార్ట్‌మెంట్ వాళ్లు తెచ్చారు, మన ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ కలిసి చేసింది. దేశం మొత్తాన్ని దాదాపు నాలుగు మీటర్ల గళ్లుగా కోసి ప్రతి గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. మంచిదే, వాడుకోండి, 108 వాడికి కూడా పనికొస్తుంది. కానీ మూడు విషయాలు. అపార్ట్‌మెంట్‌లో కింద ఇంటికీ నాలుగో అంతస్తు ఇంటికీ అదే కోడ్, పై అంతస్తుల లెక్క దాంట్లో లేదు. ఆ పది అక్షరాలు మా అమ్మ నోటితో చెప్పలేదు. మూడోది, అది రోడ్డు మీద రాసి ఉండదు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే అడ్రస్ అయిపోయినట్టే. గోడ మీద కనపడే నంబర్ దానికదే ఉండాలి.

ప్రశ్నలుంటే అడగండి, మైక్ అటు ఇవ్వండి బాబూ.

(ఒకావిడ: సార్, మేం పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం, వాళ్లకి వేరే నంబర్లు ఇస్తారా?)

అమ్మా, పన్ను ఒకటే అసెస్‌మెంట్ అయితే నంబర్ ఒకటే వస్తుంది. కానీ అద్దెకున్నవాళ్లకి ఆధార్ కావాలి, గ్యాస్ కావాలి, పిల్లల స్కూల్ అడ్మిషన్ కావాలి. అందుకని నంబర్‌కి ఫస్ట్ ఫ్లోర్, సెకండ్ ఫ్లోర్ అని చేర్చి అగ్రిమెంట్‌లో రాసివ్వండి, కొత్త నంబర్ రాగానే ఆ అగ్రిమెంట్‌లో కూడా మార్చి ఇవ్వండి. ఓనర్లు తమ కాగితాలు మార్చుకుని కిరాయివాళ్లవి మర్చిపోతారు, వాళ్లు మాత్రం ఏడాదంతా తిరుగుతారు.

(ఇంకొకాయన: సార్, నా నంబర్ 9తో ముగుస్తుంది, పంతులు గారు అదే ఉంచుకోమన్నారు. మార్చకుండా ఉంచుకోవచ్చా?)

(నవ్వులు) ఇది ప్రతి కాలనీలో అడుగుతారండీ. నంబర్ రోడ్డు దూరాన్ని బట్టి వస్తే పంతులు గారు చెప్పినా కమిషనర్ గారు చెప్పినా మారదు, మారకూడదు. ఒకరికి మారిస్తే వరుస పోతుంది, వరుస పోతే మళ్లీ మొదటికొచ్చినట్టే. 13 వద్దు అని తీసేయించుకున్న కాలనీలు నేను చూశాను, 12 తర్వాత 12ఏ ఉంటుంది, కొరియర్ వాడు 13 కోసం వెతుకుతాడు. మీకు 9 కావాలంటే గేటు లోపల పూజగదికి పెట్టుకోండి సార్.

(ఒక పెద్దాయన: ఖాళీ ప్లాట్లకి నంబర్ ఎందుకు, కట్టినప్పుడు చూసుకోవచ్చు కదా?)

కట్టినప్పుడు చూసుకుందాం అనే కదండీ ఇన్ని బైలు వచ్చింది. ఖాళీ జాగాకి నంబర్ కేటాయించి పెట్టుకోవాలి, బోర్డు పెట్టక్కర్లేదు, మ్యాపులో ఉంటే చాలు. దానికి మ్యాపు కావాలి. కార్పొరేషన్ వాళ్ల మ్యాపులో మన లోపలి గల్లీలు రెండు లేవు, నేను చూసే చెప్తున్నా. కాబట్టి ప్రతి గల్లీ నుంచి ఇద్దరు రావాలి, ఒక పొడుగు టేపు, లేఅవుట్ జిరాక్స్, ఒక పెన్ను. గల్లీ మొదలు ఎక్కడో ముందు ఒప్పుకోవాలి, మెయిన్ రోడ్డు వైపు అయితే గొడవ ఉండదు. అక్కణ్ణించి కొలుచుకుంటూ ఎడమ, కుడి రాసుకుంటూ పోతే ఒక్కో గల్లీ గంటన్నరలో అయిపోతుంది. ఆ కాగితం మనం ముందే ఇస్తే వచ్చే ఉద్యోగికి కూడా పని తగ్గుతుంది, వాడికి పని తగ్గించినవాడి మాటే వాడు వింటాడు, నేను అటువైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

ఆరో గల్లీ నుంచి ఎవరూ రాలేదా? ఎవరో ఒకరు వాళ్లకి చెప్పండి. నాలా పక్క గల్లీ వాళ్లు మాత్రం పొద్దున్నే కొలవండి, పదింటి తర్వాత అక్కడ నీళ్ల ట్యాంకర్లు నిలబడతాయి, టేపు పట్టడానికి దారుండదు.